వాళ్ళకేం, అన్నీ మిషన్లేగా!

విజయవాడలో గానీ వరంగల్లో గానీ నాలుగు కుటుంబాలు కలిసిన చోట అమెరికా ప్రస్తావన వస్తే, ఎవరో ఒకరు ఈ ముక్క అనక మానరు. "వాళ్ళకేమండీ! గిన్నెలు మిషను తోముతుంది, బట్టలు మిషను ఉతుకుతుంది, ఇల్లు మిషను ఊడుస్తుంది. మనం వెళ్ళి ఓ నెల ఉంటే వాళ్ళకు పడే శ్రమేమిటి?" ఈ సిద్ధాంతాన్ని నమ్ముకునే ఏటా వేసవి సెలవులకు పిన్నులూ బాబాయిలూ, బావగారి స్నేహితులూ, ఆ స్నేహితుల వియ్యంకులూ తలా రెండు 23 కిలోల పెట్టెలతో శంషాబాద్‌లో విమానం ఎక్కుతుంటారు.

ఆ మిషను సంగతి ముందు తేల్చేద్దాం. డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దడానికి ఇంకా మిషను రాలేదు. పప్పు అడుగంటిన కుక్కరూ, పోపు మాడిన మూకుడూ అందులో పెడితే ఎలా పెట్టినవి అలాగే వస్తాయి. పైగా వచ్చిన పిన్నిగారికి దాని మీద నమ్మకం లేదు. అన్నిటినీ సబ్బు పెట్టి శుభ్రంగా తోమి, ఆ తర్వాత మిషనులో పెడుతుంది. "ఇదెందుకమ్మా మళ్ళీ కరెంటు ఖర్చు?" అని కూడా ఆవిడే అడుగుతుంది.

పెట్టెల్లో ఏముంటుందో అందరికీ తెలుసు. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, అడుగున చీర మడతల్లో గుట్టుగా కరివేపాకు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసుకొచ్చే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుందని అమెరికా వ్యవసాయ శాఖ ఆ ఆకును లోపలికి రానివ్వదు. చెప్పకుండా తెచ్చి పట్టుబడితే జరిమానా. తోటలు పెట్టుకున్నవాళ్ళ భయం తోటలది, చారు పెట్టుకునేవాళ్ళ ఆరాటం చారుది. బయట రిసీవ్ చేసుకోవడానికి నిలబడ్డ మేనల్లుడికి మాత్రం విమానం దిగి రెండు గంటలైనా అత్తయ్య బయటికి రాకపోతే గుండె జారిపోతుంది.

అసలు కథ మర్నాడు మొదలవుతుంది. డాలస్ పక్కన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉండే ఫ్రిస్కో సంగతే తీసుకోండి. ఆ ఊరికి డార్ట్ రైలు రాదు. వీధి చివర ఆటో ఉండదు. కిళ్ళీ కొట్టుకు నడిచి వెళ్దామంటే కిళ్ళీ కొట్టే లేదు. రిటైరై కూడా రోజూ రైతుబజారుకు వెళ్ళి బెండకాయ తుంచి చూసి కొన్న మనిషి, ఇక్కడ గుప్పెడు పచ్చిమిరపకాయలకు కూడా అల్లుడి కారు కోసం చూడాలి. అల్లుడు మీటింగులో ఉంటాడు. ఆయన సోఫాలో ఉంటాడు. టెక్సాస్‌కూ మనకూ వేసవిలో తేడా పదిన్నర గంటలు కాబట్టి, మొదటి వారం తెల్లవారుజామున రెండింటికే లేచి, ఫోను స్పీకర్లో పెట్టి గుంటూరుతో మాట్లాడతాడు. ఇల్లంతా వింటుంది.

ఇల్లు వినడానికి కారణం ఉంది. అక్కడ ఇళ్ళు చాలావరకు చెక్క ఫ్రేముకు జిప్సం పలకలు బిగించి కట్టినవే. బాబాయిగారు గోడ మీద వేలితో టకటకా కొట్టి, "ఇదేంట్రా, ఖాళీగా మోగుతోంది! దీనికా అంత లోను?" అంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మన దగ్గర మాటవరసకే. అక్కడ నిజంగానే లెక్కపెట్టొచ్చు. పొద్దున్నే పిన్నిగారు ఎండుమిర్చి పోపు వేయగానే పైన పొగ అలారం కెవ్వుమంటుంది. ఒకరు తువ్వాలుతో కింద విసురుతుంటే ఇంకొకరు తలుపులన్నీ తెరుస్తారు, పసిపిల్ల లేచి ఏడుస్తుంది. మధ్యాహ్నానికి చీరలు పెరటి కంచె మీద ఆరతాయి. కాలనీ సంఘం నుంచి నోటీసు వచ్చాక గానీ, సొంత పెరట్లో చీర ఆరేసుకోవడానికి కూడా రూల్సుంటాయని ఆవిడకు తెలియదు.

ఇక యాత్ర. అమెరికా వెళ్ళి నయాగరా చూడకుండా వస్తే, 2023 నుంచి 185 డాలర్లైన వీసా ఫీజు కూడా దండగేనని మనవాళ్ళ గట్టి నమ్మకం. ఫ్రిస్కో నుంచి నయాగరాకు రోడ్డు మీద 1,300 మైళ్ళు దాటుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెయ్యి మైళ్ళు కూడా ఉండదు. "శనివారం పొద్దున్న బయల్దేరి ఆదివారం రాత్రికి వచ్చేద్దాం, సోమవారం నీకు ఆఫీసుందిగా" అని ఎంతో దయగా సలహా ఇచ్చే బాబాయి, హైదరాబాద్‌లో తన ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏ వారాంతమైనా కారులో తాజ్‌మహల్‌కు తిప్పుకొచ్చాడా అంటే, లేదు. యాదగిరిగుట్టకే బస్సెక్కించాడు.

సరే, విమానం టికెట్లు కొని, ఇన్‌స్టంట్ పాట్‌ను కూడా మోసుకుని, హోటల్ గదిలో అన్నం వండుకుని, పులిహోర కలుపుకుని వెళ్ళారనుకుందాం. అక్కడ పెద్దది గుర్రపునాడా జలపాతం. అది తీరుగా కనబడేది కెనడా ఒడ్డు నుంచి. చుట్టాల చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు, అందులో ఉన్నది అమెరికా వీసా మాత్రమే. కాబట్టి ఇటు ఒడ్డునే నీలం రెయిన్‌కోట్లు తొడుక్కుని పడవెక్కుతారు. నీళ్ళ మధ్యలో అటువైపు నుంచి వచ్చిన పడవలో జనమంతా ఎర్ర కోట్లలో కనిపిస్తారు. "మనం ఆ ఎర్ర పడవ ఎందుకెక్కలేదు? అదే బావున్నట్టుందే!" ఇన్ని మైళ్ళ యాత్రకు సారాంశంగా మేనల్లుడికి దక్కే ప్రశ్న ఇదొక్కటే. డిసెంబరులో టికెట్ కొనుక్కొచ్చినవాళ్ళకైతే అదీ దక్కదు. చలికాలం పడవలు తిరగవు.

ఈ తిరుగుళ్ళకు సెలవులెక్కడివి? ఉద్యోగికి జీతంతో ఇన్ని రోజుల సెలవు ఇచ్చి తీరాలనే ఫెడరల్ చట్టమే అమెరికాలో లేదు. కంపెనీ ఇచ్చిన రెండు మూడు వారాలే లెక్క. సొంత ఊళ్ళో తమ్ముడి పెళ్ళికని దాచుకున్న ఆ రోజుల్లో సగం లిబర్టీ విగ్రహం దగ్గర ఫెర్రీ క్యూలో కరిగిపోతాయి. మిగిలిన సగానికి కాస్ట్‌కో ఉండనే ఉంది. బాదం పప్పులూ చాక్లెట్లూ విటమిన్ మాత్రల డబ్బాలూ, వాటిని తిరుగు ప్రయాణంలో 23 కిలోలకు కుదించే తూకం యజ్ఞమూ.

ఒంట్లో బాగాలేని రోజు గురించి నవ్వలేం. ఉద్యోగం ఇచ్చే ఆరోగ్య బీమా మామూలుగా భార్యాభర్తలకూ పిల్లలకే; చూసి పోవడానికి వచ్చిన తల్లిదండ్రులకు విడిగా కొనాలి. అలా కొన్న పాలసీలు బీపీ, షుగరు లాంటి పాత జబ్బుల్ని సాధారణంగా పక్కన పెట్టేస్తాయి. అరవై దాటిన తెలుగు మనిషికి ఆ రెండూ తీసేస్తే ఇక బీమా చేయడానికి ఏం మిగిలింది? ఎమర్జెన్సీ గదిలో ఒక్క రాత్రికి బిల్లు వేల డాలర్లలో వస్తుంది. "మన ఊళ్ళో డాక్టరుగారు మూడొందలు తీసుకుంటారు" అనే మాటకు అక్కడ ఏ కౌంటర్లోనూ విలువ లేదు.

ఇంతవరకు విని అమెరికా అబ్బాయి కళ్ళు తుడుచుకుంటుంటే, ఆ రుమాలు కాస్త పక్కన పెట్టమనాలి. చుట్టాల్లో ఇంకో రకం ఉన్నారు. వాళ్ళ గురించి అతను పార్టీల్లో చెప్పడు.

కోడలికి నెలలు నిండుతాయి. మన దేశంలో 2017 నుంచి, చట్టం వర్తించే ఉద్యోగాల్లో, తొలి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు, జీతంతో. అమెరికాలో 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. పసిబిడ్డకు డేకేర్ అంటే చాలా ఊళ్ళలో నెలకు వెయ్యి డాలర్ల పైమాటే. అందుకని చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేయించి మరీ అమ్మకు టూరిస్టు వీసా తెప్పిస్తారు. దిగినప్పుడు మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అమ్మ ఆరు నెలలు అవగొట్టుకుని విమానం ఎక్కుతుంటే అత్తగారు దిగుతారు. ఫ్యాక్టరీ షిఫ్టు కూడా ఇంత ఖచ్చితంగా మారదు. ఈ టూరిస్టు ఆరింటికి లేచి పాలు కాచి, బిడ్డకు నలుగు పెట్టి, ఇద్దరికీ బాక్సులు కట్టి, రాత్రి బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతుంది. నయాగరా చూడకుండానే తిరిగొచ్చిన అమ్మమ్మలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అయినా వారాంతం స్నేహితుల దగ్గర కొడుకు వాపోయేది, "పేరెంట్స్ వచ్చారు రా, అస్సలు ఖాళీ లేదు" అని. ఈ లెక్కన ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఆతిథ్యం ఇస్తున్నారో తేల్చడానికి ఆడిటర్ కావాలి.

మిషన్ల సిద్ధాంతాన్ని విజయవాడకు చేరవేసిందీ ఈ అబ్బాయే. లోను కిస్తీ కట్టిన రోజు ఫోటో ఎవరూ పెట్టరు. పొగ అలారం కింద తువ్వాలు ఊపుతున్న ఫోటో కూడా ఎవరూ పెట్టరు. పెట్టేది కొత్త టెస్లా ముందు నిలబడ్డదీ, పెరటి స్విమ్మింగ్ పూలూ, పదిమందికి పట్టే డైనింగ్ టేబులూ. ఫోనులో అడిగితే "మాకేం బాబాయ్, హ్యాపీ! మీరే రావట్లేదు" అంటాడు. బాబాయి దాన్ని ఆహ్వానం అనుకున్నాడంటే తప్పు బాబాయిది ఎలా అవుతుంది? "ఈ ఏడు వీలుపడదు, నాకు సెలవుల్లేవు, వచ్చినా రెండు వారాలే ఉండండి, ఇన్సూరెన్స్ మీరే కొనుక్కోండి" అనే నాలుగు ముక్కలు చెప్పడానికి మాత్రం నోరు రాదు. చెబితే ఊళ్ళో ఏమనుకుంటారు!

అందుకే బాబాయి దంపతులను విమానం ఎక్కించి వచ్చిన రాత్రి, నడుం పట్టేసి, మిగిలిన సెలవులు ఎన్నో లెక్కపెట్టుకుంటూనే, నీలం కోట్లలో అందరూ తడిసి నవ్వుతున్న ఫోటోను అతనే ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. తెల్లారేసరికి కాకినాడ పెద్దమ్మ కొడుకు దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది: "సూపర్ అన్నయ్యా! మా మావగారు వాళ్ళకి మొన్ననే వీసా వచ్చింది. ఆ చుట్టుపక్కల నీకు తప్ప ఇంకెవరూ తెలీదు." అన్నయ్య ఒక దండం బొమ్మ, ఒక నవ్వు బొమ్మ పెట్టి, "తప్పకుండా రమ్మను, మన ఇల్లే" అని టైపు చేస్తాడు.