పావగడకో ఓడల మ్యూజియం

థేమ్స్ ఏటి ఒడ్డున గ్రీనిచ్‌లో ఓడల మ్యూజియం ఉంది. విశాఖ బీచిలో కురుసుర సబ్‌మెరైన్ ఒడ్డెక్కి తానే మ్యూజియమైంది. ఏటి పండగలనీ పడవ షికార్లనీ లోకమంతా పిల్లాపాపలతో ఇలాంటి చోట్లకు పోతూ ఉంటే, మా పావగడ తాలూకా ఏం పాపం చేసింది? మాకూ నది ఉంది. అందులో నీళ్ళు లేవు, అంతే. ఆ మాత్రానికి పండగ మానుకునే వంశం కాదు మాది.

నదంటే ఉత్తర పినాకిని, మా నోట పెన్నేరు. నంది కొండల దగ్గర కర్ణాటకలో పుట్టి, హిందూపురం వైపు ఆంధ్రలోకి పోయి, మళ్ళీ మా తాలూకాలోని నాగలమడికె దగ్గర కన్నడ గడ్డ తొక్కి, అట్నుంచి పేరూరు దోవన ఆంధ్రకు దిగుతుంది. ఇన్నిసార్లు గట్టు దాటేవాళ్ళకు ఏ రాష్ట్రమూ రేషన్ కార్డు ఇవ్వదు. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు నదుల మీద రాసుకున్న ఒప్పందంలో దీని పేరూ ఉంది. పంచుకునేందుకు అప్పట్లో నీళ్ళుండేవి కాబోలు. ఇప్పుడు పంచుకునేది ఇసుక. దానికి ఒప్పందమెందుకు, చీకటీ టిప్పరూ ఉంటే చాలు.

మ్యూజియానికి నమూనా నా దగ్గర సిద్ధంగా ఉంది. మొదటి గదిలో చెలమ: ‘ఏటి ఇసుకలో చేత్తో తోడితే నీళ్ళూరేవి’ అని బోర్డు. పిల్లలు నమ్మరు గానీ ఫోటో దిగుతారు. రెండో గదిలో ఎండిపోయిన బోర్ల పైపులు, తాత బోరు పక్కన తండ్రి బోరు, దాని పక్కన మనవడి బోరు. తరం మారేకొద్దీ పొడుగు. మూడో గదిలో నాణెం వేస్తే బిందె నింపే నీళ్ళ యంత్రం. భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడ్ దండిగా ఉన్న తాలూకా కాబట్టి, గారపళ్ళ నవ్వులు చూపించడానికి విడిగా బొమ్మలు చేయించే ఖర్చు లేదు.

సముద్రమేదీ అంటారా? తిరుమణి దగ్గర గట్టెక్కి చూడండి. 13,000 ఎకరాల సోలార్ పార్కు, కంటిచూపు ఆనినంత దూరం నీలం! 2,050 మెగావాట్ల సముద్రమది. అలల్లేవు, చేపల్లేవు, కానీ ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి రైతుకు కౌలు కట్టింది. ఆ పని బంగాళాఖాతాన్ని చెయ్యమనండి చూద్దాం!

ఇక లండనువాళ్ళ తెలివితక్కువతనం చెప్పాలి. 1957లో థేమ్స్ చచ్చిపోయిందని అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం తేల్చింది. అప్పుడే ఒడ్డున దీపాలు వెలిగించి హారతి పట్టి ఉంటే ఒక్క సాయంత్రంతో పని అయిపోయేది. వాళ్ళేమో మురుగు శుద్ధి చేసుకుంటూ ఏళ్ళకేళ్ళు కూర్చున్నారు. చేపలు తిరిగొచ్చాయట. అంత తిప్పలు పడేబదులు మనలా ముందు పండగ చేసుకోవచ్చు కదా!

మన పద్ధతి వేరు. కావేరి మీది కన్నంబాడి కట్ట నిండితే ముఖ్యమంత్రే వచ్చి ఏటికి బాగిన ఇస్తారు. ఆ మర్యాద చూసి ఊరి చెరువు నిండినా ఊరి నాయకులు చేటలు పట్టుకొని బయల్దేరతారు. బాగిన అంటే పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకిచ్చే పసుపు కుంకుమ. బిడ్డ నిండుగా, కళకళలాడుతూ వచ్చిననాడు ఇస్తాం. ఎండిపోయి మంచాన పడిన ఏళ్ళల్లో గడప తొక్కం. తొక్కినా, ఒంటిమీది ఇసుక ఒలుచుకుపోవడానికే.

ఏరు పారిన ఒక ఏడు ఇంటిల్లిపాదీ చిత్రాన్నం మూట కట్టుకొని నాగలమడికె పోయినాం. సుబ్రమణ్య స్వామికి దణ్ణం పెట్టుకొని ఒడ్డుకు చేరేసరికి నీళ్ళకన్నా ముందు కార్లు కనబడినాయి. శాలువాలు, మైకు, డ్రోను. ఎర్రనీళ్ళ వైపు వీపు పెట్టి అందరూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా అమ్మ చాలాసేపు చూసి అడిగింది:

“ఈయమ్మ ఇన్నేండ్లు మంచాన పడుంటే ఎవురన్నా వచ్చి పలకరించినారా నాయనా?”

మైకు మోతలో వినబడనట్టు నటించినాను.

బాగిన చేటలో గాజులు, దువ్వెన, పసుపు కుంకుమలతో పాటు చిన్న అద్దం కూడా పెడతారు. ఈసారి దాన్ని ఏటికి వదలొద్దు. మ్యూజియం చివరి గదిలో మేకుకు తగిలిద్దాం. కింద పేరు రాయక్కర్లేదు. ఏటిని ఎండగట్టిందెవరో ఎదురుగా నిలబడినవాడికి కనిపిస్తుంది.