రీలు ఫొటోలు పదిమందికి చూపించే తీరు

ప్యాపిలిలో పెళ్లికో దేవరకో చుట్టాలంతా చేరారంటే, భోజనాలయ్యాక ఎవరో ఒకరు బీరువా మీది ఆల్బమ్ దించుతారు. రీలు కెమెరాతో తీసి, డోన్‌లోనో గుత్తిలోనో కడిగించి తెచ్చిన ఫొటోలవి. వాటిని చూసేటప్పుడు కొందరు మరీ అతి జాగ్రత్త పడుతున్నారు. అలాంటివారి చాదస్తం వదిలించడానికే ఈ సలహాలు.

1. చేతులు కడుక్కోకండి

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న చేత్తోనే ఆల్బమ్ అందుకోండి. నెగెటివ్ దొరికితే అంచులు పట్టుకోవడం పిరికివాళ్ల పని. నడిమధ్యన బొటనవేలు పెట్టి ట్యూబ్‌లైటుకు ఎత్తి చూడండి. 35 ఎంఎం రీలులో ఒక్కో బొమ్మ కొలత 24 మిల్లీమీటర్లకు 36 మిల్లీమీటర్లే. మీ వేలిముద్ర పెళ్లికూతురినీ పెళ్లికొడుకునీ కలిపి కప్పేయగలదు. తర్వాత ఎవరైనా పెద్ద ప్రింటు వేయిస్తే, మీ వేలిగీతలు కూడా అంతే పెద్దవై కనిపిస్తాయి.

2. నెగెటివ్‌లు వదిలించుకోండి

ఫొటో చేతిలో ఉండగా నెగెటివ్ దేనికి? ప్రింటు వెలిసిపోయినా, చిరిగినా, అన్న తీసుకుపోయి ఇవ్వకపోయినా నెగెటివ్ ఉంటే మళ్లీ వేయించుకోవచ్చు. స్కాన్ చేయిస్తే, ప్రింటులో నల్లగా మూసుకుపోయిన ముఖాలు కూడా ఒక్కోసారి తేటపడతాయి. ఇంత ప్రమాదకరమైన వస్తువును ఇంట్లో ఉంచుకోవద్దు. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణాన్ని నెగెటివ్ అడ్డం పెట్టుకుని చూసిన పెద్దలు చాలామందే ఉన్నారు. వచ్చే గ్రహణానికి మీ పిల్లలకూ ఇవ్వండి. రంగు నెగెటివ్ వెలుతురును తగ్గిస్తుంది గానీ కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఆపదు. ఫొటోలతో పాటు కళ్లూ పోతాయి కాబట్టి, ఇక ఫొటోల బెంగే ఉండదు.

3. ఫొటోకు ఫొటో తీయండి

ప్రింటును ఆల్బమ్ నుంచి బయటికి తీయకండి. పైనున్న ప్లాస్టిక్ కాగితం మీదుగానే, ఫ్లాష్ వేసి సెల్లులో కొట్టండి. తెల్లటి మెరుపు మామ ముఖాన్ని మింగేస్తుంది, ఫర్వాలేదు. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగానే పంపండి, సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే తగ్గదు గనుక అటు పోవద్దు. అందుకున్నవారు స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపితే పని పూర్తయినట్టే.

తర్వాత యాప్‌తో రంగులద్దండి. నలుపు తెలుపు రీలు మీద రంగు పడదు, వెలుగు ఎంత ఉందన్నదే పడుతుంది. కాబట్టి యాప్ వేసేదంతా ఊహే. అయినా జేజి ముందుకు వంగి, "అది ఆకుపచ్చ కోక అబ్బీ, మా నాయన తెచ్చిండేది" అంటే వినకండి. "నీకు గుర్తులేదులే జేజీ" అని గులాబీ రంగు చీరే ఖాయం చేయండి.

4. తేదీ నోటికొచ్చింది చెప్పండి

ఫొటోలో సాక్ష్యాలు వెతికే అలవాటు మంచిది కాదు. ఉదాహరణకు, బావ బెలుం గుహల్లో నిలబడ్డ ఫొటో ఉందనుకోండి. చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగడుగులు దాటి పోలేక ఆయన చొక్కా మీదే ఆగిపోయింది, వెనకంతా చీకటి. పక్కన మాత్రం యాత్రికుల కోసం కట్టిన మెట్లు కనిపిస్తున్నాయి. ఆ గుహలను పర్యాటకులకు తెరిచింది 2002లో. అయినా "ఇది 1985, నేను పుట్టకముందు" అని గట్టిగా అనండి.

ఊరి ఫొటోల్లో ఈ బెడద ఇంకా ఎక్కువ. ప్యాపిలి మీదుగా పోయే హైదరాబాదు-బెంగళూరు రోడ్డు ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చకముందు అది 7వ నంబరు. వెనక మైలురాయి మీద 7 కనిపిస్తే ఫొటో ఏ కాలానిదో ఒక అంచనా దొరుకుతుంది. బోర్డు మీద కర్నూలు జిల్లా అని ఉంటే, అది 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడకముందు రాయించిన బోర్డు. ఇలాంటివి కంటపడితే వెంటనే పేజీ తిప్పేయండి.

5. అంచులు కత్తిరించండి

సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయాలని నేర్చుకున్న కాలం అది. అందుకే సాయంత్రం ఫొటోల్లో కింది అంచున, మట్టి మీద ఒక పొడుగాటి నీడ పడి ఉంటుంది. తలపాగా, రెండు మోచేతులు, కంటి దగ్గర పట్టుకున్న పెట్టె కెమెరా. అగ్ఫా క్లిక్ త్రీలో రీలుకు 12 ఫొటోలే వచ్చేవి. ఆ పన్నెండూ తీసినాయన ఒక్కదాంట్లోనూ ఉండడు, ఆ నీడగా తప్ప. దాన్ని కత్తిరించి పంపండి. "పెద్దనాయన ఏడీ?" అని ఎవరైనా అడిగితే, "ఆయన ఫంక్షన్లకు వచ్చే రకం కాదు" అని తేల్చేయండి.

6. మీరే మాట్లాడండి

ఫొటో చూడగానే ఎవరు లావయ్యారు, ఎవరికి బట్టతల వచ్చింది అన్నదాంతో మొదలుపెట్టండి. అవ్వ కళ్లజోడు సర్దుకుని "ఈ పిల్లోడు ఎవురప్పా..." అనేలోపే తర్వాతి పేజీకి పోండి. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాసే పని పెట్టుకోకండి. రాయక తప్పదంటే బాల్‌పెన్నుతో, బలంగా నొక్కి రాయండి. అక్షరాలు ఇటువైపు ముఖాల మీదికి ఉబ్బి వస్తాయి.

7. అటక మీద పడేయండి

ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. నెగెటివ్‌లకు ఆ అటకే తగిన చోటు. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ చివికిపోతూ వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే పెట్టె మూత ఇంకా గట్టిగా బిగించండి. రంగు ఫొటోలను మాత్రం పటం కట్టించి, నేరుగా ఎండ పడే గోడకు తగిలించండి.

ఈ ఏడూ పాటిస్తే, మీ మనవలకు దొరికేది పేర్లు లేని ముఖాల కట్ట. పాటించకూడదని మొండికేస్తే మాత్రం ఒక పెన్సిల్ కొనాలి, నెగెటివ్‌లు కాగితం కవర్లలో వేసి చల్లటి చోట పెట్టాలి, అవ్వ చెప్పేది చివరిదాకా వినాలి. ఆ పనేదో అవ్వకు పేర్లు గుర్తున్నప్పుడే చేయండి.