హంతకుడి పేరు చెప్పొద్దు, పెళ్లికొడుకు పేరు దాచొద్దు

నవల చదివి ఊరుకునేవాళ్లు తక్కువ. చదివాక దాన్ని ఇంకొకరి చేత చదివించకపోతే అరిగినట్టుండదు. అందులో తప్పేమీ లేదు, నవలలు బతికేదే అలాగ. చిక్కల్లా ఎక్కడంటే, ప్రేమ నవలకీ డిటెక్టివ్ నవలకీ మనవాళ్లు ఒకటే మంత్రం చదువుతారు: ‘కథ చెప్పేస్తే మజా పోతుంది, నువ్వే చదువు.’ మొదటిదానికి ఈ గుట్టు దండగ. రెండోదానికి ఈ గుట్టు చాలదు. ప్రేమ నవలను ముగింపు చెప్పి మరీ చేతిలో పెట్టాలి, డిటెక్టివ్ నవలను మొదటి అధ్యాయం దాటి ఒక్క ముక్క చెప్పకుండా పెట్టాలి అని నా వాదన.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’నే తీసుకోండి. డబ్బూ దర్జా ఉన్న రాజశేఖరం దగ్గర ఆత్మాభిమానం గల జయంతి ఉద్యోగంలో చేరిందనగానే ఏ పాఠకురాలికి అనుమానం మిగులుతుంది? వాళ్లిద్దరూ ఒకటి కాకపోతే ఆ నవల అన్ని ముద్రణలు పడేదా? జేన్ ఆస్టిన్ 1813 నాటి తన నవలలో డార్సీ చేత ఎలిజబెత్‌తో నాట్యం చెయ్యనని అనిపించినప్పుడే పెళ్లి ఖాయమైపోయింది. ఇక తేలవలసింది ఆ పెద్దమనిషి తన మాటను ఎప్పుడు, ఎంత కష్టపడి దిగమింగుతాడన్నదే. పెళ్లిపత్రికలో వధూవరుల పేర్లూ ముహూర్తమూ ముందే అచ్చువేసినా పెళ్లికి వెళ్లడం ఎవరూ మానరు కదా. చదివేవాళ్లకు కావలసింది వార్త కాదు, వేడుక.

‘మరి అందరూ పెళ్లి పీటల దాకా వెళ్లరుగా?’ అంటారు. వెళ్లరు కాబట్టే ముగింపు చెప్పాలంటున్నాను. పెళ్లిసంబంధం తప్పిపోయి దిగాలుగా ఉన్న మనిషికి ‘మంచి ప్రేమకథ, మనసు తేలికపడుతుంది’ అంటూ శరత్ ‘దేవదాసు’ ఇచ్చేవాళ్లున్నారు. శత్రువులు కూడా చెయ్యని పని అది. 1953 నాటి సినిమా పుణ్యమా అని తెలుగువాళ్లలో చాలామందికి ఆ ముగింపు తెలుసు కాబట్టి ప్రమాదం కొంత తగ్గింది గానీ, అంత పేరు లేని విషాదాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ప్రేమ నవల ఇచ్చేటప్పుడు కన్నీళ్లా, కల్యాణమా అన్నది ముందే చెప్పడం కనీస మర్యాద.

ఇక డిటెక్టివ్ నవల. ఇక్కడ పొగడ్తే విషం. ‘హంతకుడెవరో చెప్పను గానీ, చివర్లో మలుపుంది చూడూ...’ అన్నారంటే చెప్పెయ్యడానికి ఇంకేం మిగిలింది? ఆ క్షణం నుంచీ పాఠకుడు పనిమనిషినీ, డాక్టర్‌నీ, గుమ్మం దగ్గర పడుకున్న కుక్కనూ సమానంగా అనుమానిస్తాడు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’తో ఈ బాధ పరాకాష్ఠకు చేరుతుంది. దాని గొప్పతనం ఎందులో ఉందో చెబితే పుస్తకం పోయింది. చెప్పకపోతే అదొక పల్లెటూరు, ఒక శవం, సొరకాయలు పెంచుకునే ఒక బెల్జియం పెద్దాయన. ఆ సొరకాయల దగ్గరే ఆగిపొమ్మంటాను. నిస్సారంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ నిస్సారమే మీరు ఎదుటివాడికి ఇవ్వగల కానుక.

నోట్లో నువ్వుగింజ నానని జనం ఉన్నచోట ఇదంతా సాగుతుందా అనే ప్రశ్న సబబే. క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ 1952లో లండన్‌లో మొదలైంది. ఆట ముగిశాక హంతకుడి గుట్టు బయటపెట్టొద్దని ప్రేక్షకులను వేదిక మీంచే అడగడం ఆనవాయితీ అయింది. మన అద్దె పుస్తకాల షాపుల్లో ఆనవాయితీ వేరు. కొమ్మూరి సాంబశివరావు నవలలో డిటెక్టివ్ యుగంధర్ ఇంకా కారు దిగనే లేదు, అప్పుడే మార్జిన్‌లో ఎవరో మహానుభావుడు ఒక పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన ‘వీడే’ అని రాసి, కింద రెండు గీతలు కూడా కొడతాడు. చిత్రమేమిటంటే, ఒక్కోసారి ఆ సున్నా తప్పుడు మనిషికి చుట్టి ఉంటుంది. ఆ పాఠకుడు చివరిదాకా చదవకుండానే పుస్తకం వాపసు ఇచ్చేశాడన్నమాట. వాడికి మాత్రం శిక్ష తగ్గించవచ్చు.

హంతకుడెవరో మొదటే చెప్పే నవలలు లేవా అని పండితులు అడ్డుపడతారు. ఉన్నాయి. 1931లో ఫ్రాన్సిస్ ఐల్స్ ‘మాలిస్ అఫోర్‌థాట్’ భార్యను చంపాలని నిశ్చయించుకున్న డాక్టరుతోనే మొదలవుతుంది. కానీ ఆ గుట్టు విప్పింది రచయిత. సొత్తు ఆయనది, విప్పే హక్కూ ఆయనదే. మధ్యలో మనకేం పని? ఇప్పుడు ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ అనే పేరుతో దొరుకుతున్న 1939 నాటి క్రిస్టీ నవల పేరులోనే ఎంతమంది మిగులుతారో చెప్పేసింది. అయినా చేసిందెవరో ఆ పేరు చెప్పదు. ఇంకొందరు, మంచి నవల ముగింపు తెలిసినా రెండోసారి చదివిస్తుందంటారు. ఒప్పుకుంటాను. అయితే మొదటిసారి చదవనిస్తేనే కదా రెండోసారి!

అసలు పరీక్ష, రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నప్పుడు వస్తుంది. డిటెక్టివ్ నవలలో ప్రేమ వ్యవహారం ఉండకూడదని వాన్ డైన్ 1928లో నియమావళే రాశాడు. రెండేళ్లకే డొరొతీ సేయర్స్ ‘స్ట్రాంగ్ పాయిజన్’లో ఆ నియమాన్ని బోనెక్కించింది. మాజీ ప్రియుడికి విషం పెట్టిందన్న నేరం మీద విచారణలో ఉన్న హారియెట్‌ను చూసి డిటెక్టివ్ పీటర్ ప్రభువు మనసు పారేసుకుని, జైలుకు వెళ్లి మరీ పెళ్లాడమని అడుగుతాడు. ఆవిడ వెంటనే ఒప్పుకోదు. ఇక్కడ నా సూత్రం నన్నే ఇరకాటంలో పెడుతుంది. ప్రేమకథ కాబట్టి పెళ్లవుతుందని చెప్పాలి. చెబితే ఆవిడకు ఉరిశిక్ష పడలేదని తేలిపోతుంది, అది డిటెక్టివ్ నవలకు ద్రోహం. పైగా ఆవిడ 1935 నాటి ‘గాడీ నైట్’లో నిక్షేపంగా ఆక్స్‌ఫర్డ్‌లో తిరుగుతూ ఉంటుంది, 1937 నాటి ‘బస్‌మన్స్ హనీమూన్’ అయితే పెళ్లితోనే మొదలవుతుంది. కాబట్టి ఈ మూడూ ఇంట్లో ఉన్నవాళ్లు మొదటిది మాత్రమే చేతికిచ్చి, అతిథి చదివి తిరిగిచ్చేదాకా మిగతా రెండింటినీ బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. తాళంచెవి ఎక్కడుందో కూడా చెప్పకూడదు.