సన్నాయి నొక్కులకు లైసెన్సు లేదు

అమెరికాలో హెచ్-1బి వాడికి లాటరీ తియ్యకుండా, లాయరుకి ఫీజు కట్టకుండా, స్టాంపింగుకి పరిగెత్తకుండా దొరికే ప్రభుత్వ కాగితం ఒకటుంది. దాని పేరు జి.ఎం.ఆర్.ఎస్. లైసెన్సు. జనరల్ మొబైల్ రేడియో సర్వీస్ అంటే చిన్నపిల్లల వాకీటాకీలకి పెద్దన్న అనుకోండి. పరీక్ష లేదు, పౌరసత్వం అడగరు. 18 ఏళ్ళు నిండి, పరాయి ప్రభుత్వానికి ప్రతినిధి కాకుండా ఉంటే చాలు. రేడియోల పెత్తనం చూసే ఎఫ్.సి.సి. వారికి 35 డాలర్లు కడితే నాలుగు అక్షరాలు, మూడు అంకెల కాల్ సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు, ఇస్తారు. పదేళ్ళు చెల్లుతుంది. నన్ను ఇక్కడ ఉండనిచ్చే ఐ-94 కాగితానికి అంత ఆయుష్షు లేదు. ఈ దేశంలో నాకంటే నా వాకీటాకీ భవిష్యత్తే భద్రంగా ఉంది.

దీంట్లో ఇంకా ముచ్చటైన సంగతి, ఒకరు లైసెన్సు తీసుకుంటే కుటుంబమంతా వాడుకోవచ్చు. కుటుంబమంటే ఎవరెవరో నిబంధనల్లో వరసలతో సహా రాసిపెట్టారు. భార్య, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు, తాతలు, తోబుట్టువులు, అత్తలు, మామలు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, ఆఖర్న అత్తింటివాళ్ళు కూడా. వీసా దరఖాస్తుల్లో ఎక్కడా చోటు దొరకని మా బావమరిది ఇక్కడ సగర్వంగా కూర్చున్నాడు. కజిన్ మాత్రం లేడు. అంటే మా పెదనాన్నగారబ్బాయి, ఒకే కంచంలో తిని పెరిగిన అన్నయ్య, విడిగా 35 డాలర్లు కట్టుకోవాలి. ఆ మాట చెబితే ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. "మొత్తానికి పరాయివాణ్ణి చేశావురా" అన్నాడు. చేసింది నేను కాదన్నయ్యా, వాషింగ్టన్ అంటే వింటాడా!

రేడియో డబ్బా మీద "36 మైళ్ళు" అని అచ్చేస్తారు. నిజమే, మీరో కొండ శిఖరం మీద, మీ ఆవిడ ఇంకో శిఖరం మీద నిలబడి, మధ్యలో చెట్టూ పుట్టా లేకపోతే. 462 మెగాహెర్ట్జ్ తరంగానికి కనుచూపు మేరే దారి. డాలస్ లాంటి బల్లపరుపు నేల మీద, ఇళ్ళ మధ్యన, చేతిరేడియోకి మైలు దాటితే పండగే.

అందుకే రిపీటర్. పెళ్ళి బంతిలో మూల కూర్చున్నాయన మొహమాటంగా "నెయ్యి" అంటాడు. వడ్డించేవాళ్ళకి వినపడదు. మధ్యలో ఎత్తుగా నిలబడ్డ పెద్దమనిషి అది విని "ఒరేయ్, ఇక్కడ నెయ్యి!" అని హాలు దద్దరిల్లేలా అరుస్తాడు. రిపీటర్ చేసేదంతా ఇదే. మన అయిదు వాట్ల గొంతుని 467 మెగాహెర్ట్జ్ మీద విని, అదే క్షణంలో 462 మీద 50 వాట్లతో చెబుతుంది. ఇలాంటి జంటలు ఎనిమిదున్నాయి, రెంటికీ మధ్య దూరం సరిగ్గా 5 మెగాహెర్ట్జ్. తన అరుపుకి తన చెవే దిబ్బళ్ళు పడకుండా డ్యూప్లెక్సర్ అనే గొట్టాల పెట్టె ఒకటి బిగిస్తారు. ఎవరు పడితే వాళ్ళు నెయ్యి అడక్కుండా టోన్ పెడతారు. మన గొంతు కింద 141.3 హెర్ట్జ్ లాంటి సన్నటి నాదం నడుస్తుంటేనే రిపీటర్ నోరు విప్పుతుంది.

కొత్త అనుమతి అక్కర్లేదు గనక నేనూ ఒకటి పెట్టాను. కప్పు మీద యాంటెన్నా నిలబెడదామంటే మా కాలనీ సంఘం ససేమిరా అంది. టీవీ డిష్షుకి ఫెడరల్ చట్టం కాపలా ఉంది, సంఘం దాన్ని ముట్టుకోలేదు. ఈ రేడియో యాంటెన్నాకి ఆ భాగ్యం లేదు. అటక మీదకి ఎక్కించాను. ఇక్కడ కేబులు దగ్గర పీనాసితనం పనికిరాదని అందరికీ చెబుతాను. సన్నటి ఆర్.జి.-58 వైరు యాభై అడుగులు లాగితే శక్తిలో సగానికి పైగా దార్లోనే వేడైపోయి, అటకని వెచ్చబెట్టడానికి సరిపోతుంది. ఆగస్టు నెల టెక్సాస్ అటకకి ఆ సేవ అవసరం లేదు. ఎల్.ఎం.ఆర్.-400 అనే లావుపాటి వైరు వేశాక గుడి దాకా చక్కగా వినిపిస్తోంది. ప్రసాదాల కౌంటరు దగ్గరికెళితే మాత్రం వినిపించదు.

యంత్రాలతో నాకు పేచీ రాలేదు. ఎఫ్.సి.సి. నిబంధనల్లో 95వ భాగం చదివాక వచ్చింది. ఈ రేడియోలో ఏమేం మాట్లాడకూడదో అందులో ఉంది. రాసినవాళ్ళు మా ఇంటికి వచ్చి, ఓ వారం కూర్చుని విని రాశారేమోనని నా అనుమానం.

అబద్ధపు సందేశాలు కూడదట. "బయల్దేరాం, అయిదు నిమిషాల్లో అక్కడుంటాం" అన్నది తెలుగువాడు స్నానానికి వెళ్ళేముందు చెప్పే మాట గదా, దాన్నేం చెయ్యాలి? పాటలు, ఈలలు, వినోదం కలిగించేవి కూడదట. దాంతో నాన్నగారి ఘంటసాల కచేరీ ఆగింది. మా బావమరిది జోకులకి అడ్డు లేదు, వినోదం కలిగితే గదా. సరుకులు, సేవల అమ్మకానికి ప్రకటనలు కూడదట. శంకరపల్లిలో ప్లాట్ల గురించి "మళ్ళీ ఈ రేటు రాదు బ్రదర్" అని మా తోడల్లుడు మైకు అందుకోగానే ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. ఆ ఒక్క నిబంధనకే 35 డాలర్లు కాదు, 350 ఇవ్వచ్చు.

అసలు గండం ఇంకోటి: రహస్య సంకేతాలు, మరుగు అర్థం ఉన్న సందేశాలు నిషేధం.

మూడు వ్యాన్లేసుకుని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళుతున్నాం. అక్కడ చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు, రేడియోలే దిక్కు. మా వ్యాన్‌లో 50 వాట్ల సెట్టు, మైకు అమ్మ చేతిలో. రెండో వ్యాన్‌లో మా అత్తగారు, ఆవిడ కోడలు.

"వదినగారూ, మీ కోడలి పులిహోర తిన్నాం. ఈసారి చింతపండు చవగ్గా దొరికినట్టుందే."

గరగరమని చప్పుడు. తర్వాత జవాబు.

"అవునండీ వదినగారూ. మీ ఇంట్లోలాగా చెంచాతో కొలిచి వెయ్యడం మా పిల్లకి అలవాటు లేదు."

ఈ రెండు వాక్యాల్లో నేరం ఎక్కడుందో పట్టుకోవాలంటే ఎఫ్.సి.సి. వారు తెనాలి నుంచి ఆఫీసర్ని దింపుకోవాలి. "10-4" లాంటి పోలీసు కోడ్లకి మినహాయింపు ఉంది గదా అని, అర్థమైంది అనడానికి అమ్మకి అది నేర్పాను. పార్కు గేటు చేరేలోపు "టెన్ ఫోర్ వదినగారూ" అనే మాటనే ఆవిడ ఎన్ని రకాల సాగదీయగలదో మూడు వ్యాన్లూ విన్నాయి.

తెలుగులో కబుర్లు చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు. కాల్ సైన్ మాత్రం ఇంగ్లీషులో గానీ మోర్స్ కోడులో గానీ ఉండాలి. మాట ముగిశాక ఒకసారి, కబుర్లు సాగుతుంటే 15 నిమిషాలకోసారి. అమ్మ దాన్ని గోత్రనామాలు చెప్పే స్వరంతో చెబుతుంది. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి అన్నది మాత్రం ఆవిడకి నచ్చలేదు. వదిలితే అవతలివాళ్ళు అందుకుంటారు గదా! ఎఫ్.ఎం. రేడియోలో ఒకేసారి ఇద్దరు మాట్లాడితే బలమైన సిగ్నలే వినిపిస్తుంది, బలహీనమైనది ఉందో లేదో కూడా తెలీదు. కాప్చర్ ఎఫెక్ట్ అంటారు. నాన్నగారు పెళ్ళైనప్పట్నుంచీ దాని కిందే కాపురం చేస్తున్నారు.

ఇక ప్రైవసీ కోడ్. టోన్‌కి అలా పేరు పెట్టినవాడికి దణ్ణం. ఆ టోన్ పరాయి మాటలు మనకి వినపడకుండా ఆపుతుందే గానీ, మన మాటలు ఊరికి వినపడకుండా ఆపదు. ఒకనాడు సాయంత్రం మా అటక రిపీటర్ మీద అమ్మ, అత్తగారు మా పిన్నిగారమ్మాయికి వచ్చిన సంబంధం గురించి చర్చ పెట్టారు. అబ్బాయి తాతగారి ఆస్తుల దగ్గరికి వచ్చేసరికి మూడు నిమిషాలయింది, టైమర్ అమ్మ మాట టపీమని కోసేసింది. ఎవరైనా బటన్ వదలకుండా కూర్చుంటే యంత్రం మాడిపోకుండా పెట్టే ఏర్పాటది. "అమెరికావాడికి మర్యాద తెలీదు" అంటుండగా సెట్లోంచి ఎవరిదో కొత్త గొంతు, స్వచ్ఛమైన తెలుగులో:

"అమ్మా, ఆ అబ్బాయి మా ఆఫీసేనండీ. వద్దమ్మా."

అంతే. కాల్ సైన్ చెప్పకుండా మాయమయ్యాడు. ఆ సంబంధం అక్కడితో ఆగింది. ఆ పుణ్యాత్ముడు చేసింది నిబంధనలకు విరుద్ధమని నేనెంత చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు.

మొన్న ఉత్తరాన ఎకరం స్థలంలో ఇల్లు కట్టుకున్నాడు అన్నయ్య. కాలనీ సంఘం లేదు, అడిగేవాడు లేడు. 35 డాలర్లు కట్టాడు, 60 అడుగుల స్తంభం లేపాడు, దాని కొసన యాంటెన్నా. ఆ రిపీటర్ మా ప్రసాదాల కౌంటరు లోపల కూడా ఖంగుమంటోందని జనం చెప్పుకుంటున్నారు. టోన్ ఎంతో మా బావమరిదికి చెప్పాడు, తోడల్లుడికి చెప్పాడు. సొంతదారుడి అనుమతి లేకుండా ఒకరి రిపీటర్‌లో దూరడం పద్ధతి కాదు గనక నేనే రేడియోలో పిలిచి అడిగాను.

"చూద్దాంలేరా. వాషింగ్టన్‌ని ఓ మాట అడిగి చెబుతాను" అన్నాడు. ఆ పైన తన కాల్ సైన్, ఒక్కో అక్షరం విడివిడిగా, స్పష్టంగా, ఇంగ్లీషులో.