మీ డిపార్ట్‌మెంటు పెద్దాయన

ఫిలడెల్ఫియా

మావయ్యగారూ, ఇక్కడ చలికి ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకోవడం తప్ప వేరే ఇబ్బందుల్లేవు.

ఫోను చెయ్యక ఉత్తరమెందుకంటారా? స్టాంపు మీద ముద్ర చూడండి, 'బి. ఫ్రీ ఫ్రాంక్లిన్' అని ఉంటుంది. ఇక్కడి మార్కెట్ వీధిలో ఓ పోస్టాఫీసువాళ్ళు చేత్తో కొట్టే ముద్ర అది. అక్కడ అమెరికా జెండా కూడా ఎగరెయ్యరు, ఫ్రాంక్లిన్ పోస్ట్‌మాస్టర్ జనరల్ అయిన 1775లో ఆ జెండా ఇంకా పుట్టలేదు కాబట్టి!

వంద డాలర్ల నోటు మీద బట్టతలాయన, బెంజమిన్ ఫ్రాంక్లిన్, సంతకం అది. ఊరంతా ఆయన్ని దేశనిర్మాత అంటుంది. నాకైతే మీ డిపార్ట్‌మెంటు మనిషే. 1737లో ఈ ఊరి పోస్ట్‌మాస్టరు, 1775లో వలసల ప్రతినిధుల సభ కాంటినెంటల్ కాంగ్రెస్ వేసిన మొట్టమొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం ఆ తర్వాతి ఏడాది సంగతి.

ఇక్కణ్ణుంచి అత్తయ్య వినకుండా చదువుకోండి. కొడుకుని ఫిలడెల్ఫియాకీ, అన్నగారిని బోస్టన్‌కీ పోస్ట్‌మాస్టర్లని చేశాడు. తన కుర్చీ తర్వాత అల్లుడికొచ్చింది. మీరేమో సొంత బావమరిదికి టెంపరరీ పోస్టు కూడా వేయించలేదని అత్తయ్య నేటికీ దెప్పుతుంది కదా!

అలాగని ఆయన సర్వీసు మచ్చలేనిదేం కాదు. మసాచుసెట్స్ గవర్నరు రాసిన ఉత్తరాలు చేతికందితే బోస్టన్‌లో స్నేహితులకి చేరవేశాడు. 1774లో లండన్‌లో రాజుగారి ప్రివీ కౌన్సిల్ ముందు నిలబెట్టి చెడామడా తిట్టారు. పెద్దమనిషి పెదవి విప్పలేదు. రాజుగారి తపాలాలో ఉద్యోగం మాత్రం ఊడింది. పక్కింటివాళ్ళకి మనియార్డరు ఎంతొచ్చిందో ఇంట్లో కూడా చెప్పని మీరు ఈ మాట వింటే భోజనం మానేస్తారు.

ఇప్పుడు అత్తయ్యని పిలవండి. ఆయన భార్య డెబొరాకి ఓడెక్కాలంటే భయం. ఆయన లండన్‌లో ఉంటే కొట్టూ పోస్టాఫీసు పనీ ఆవిడే చూసుకుంది. చివరి పదేళ్ళూ మొగుడి మొహం చూడకుండానే 1774లో పోయింది. దేశం కోసమే అంటారు లెండి.

ఇద్దరి సమాధీ ఒక్కటే, ఆర్చ్ వీధి మూల మీద. జన్మంతా పొదుపు పొదుపని చెప్పినాయన మీద జనం చిల్లర విసిరి విసిరి రాయికి పగులు తెప్పించారు. బాగుచెయ్యడానికి మళ్ళీ చందాలు! నేనూ జేబులో చెయ్యి పెట్టాను గానీ, సెంటుకెన్ని పైసలో లెక్కేసుకుని చెయ్యి ఖాళీగా తీశాను. ఆయన మెచ్చుకునే ఉంటాడు.

మీ మేనల్లుడు