జమ 116

చిట్యాలలో మా వాడ వినాయకుడి లడ్డూ పాట వచ్చిందంటే మైకు ఒక్కరి చేతికే పోయేది. ఆయన రిటైర్డ్ తెలుగు పంతులు. పైసా తీసుకునేవారు కాదు. కమిటీ పిల్లలు శాలువా కప్పబోతే "దాని పైసలు గూడ డబ్బాల వెయ్యుండ్రి బిడ్డా" అనేవారు.

వేలం పాడించాలంటే గొంతు కంటే కళ్లు ముఖ్యం. ఎవరి మీద ఎవరికి పంతమున్నదో, ఎవరి చెయ్యి సగం లేచి ఆగిందో, ఎవరి చొక్కా భార్య వెనక నుంచి గుంజుతోందో ఆయనకు అన్నీ కనపడేవి. "ఒకటోసారి" గబుక్కున అనేవారు. "రెండోసారి" సాగదీసేవారు. మూడోసారికి ముందు చెంబెత్తి నిదానంగా నీళ్లు తాగేవారు. ఆ నాలుగు గుటకల్లోనే పాట మరో అయిదు వేలు ఎగబాకేది. ఆయన నియమం ఒకటుంది. కొత్త పాట మొదలుపెట్టే ముందు పోయినేటి పాట లెక్క మైకులో చదవాలి. ఊరి పైసలకు ఊరంతా సాక్షి అనేవారు. అది చాలా మంచి నియమం. ఏ వాడ కమిటీ అయినా పెట్టుకోదగ్గది.

లడ్డూ పాటకు పేరు తెచ్చింది హైదరాబాద్‌లోని బాలాపూర్. 1994లో అక్కడ తొలి పాట 450 రూపాయలు. 2015లో అది 10 లక్షలు దాటింది. 2025లో 35 లక్షలకు పోయింది. బండ్లగూడ జాగీర్‌లో కీర్తి రిచ్‌మండ్ విల్లాల వాళ్లయితే అదే ఏడు 2 కోట్ల 32 లక్షల దాకా తీసుకుపోయారు. అక్కడ ఒకరి గొప్ప కాదది. విల్లాల వాళ్లంతా జట్లుగా కలిసి పాడతారు, ఆ పైసలు సేవా పనులకు పోతాయి. ఈ పాటల ఊపు అంతకు ముందే విజయవాడ రోడ్డు పట్టుకొని మా దాకా వచ్చింది.

నేను చెప్పే ఏడు మిషన్ భగీరథ నీళ్లు మాకింకా అందలేదు. నల్లగొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు ఉండరు. బడిలో పిల్లలు నవ్వితే పళ్ల మీద పసుపు చారలు కనపడేవి. పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నారంటే అంతకంటే కష్టం ఇంకేముంటుంది? ఆ ఏడు లడ్డూ పైసలతో బడిలో నీళ్ల ప్లాంటు పెట్టాలని కమిటీ తీర్మానించింది. పంతులు మైకులో ఆ ముచ్చటే చెప్పి, "ఎవరన్నా మొదలువెట్టుండ్రి" అన్నారు.

బస్టాండు కాడ కూరగాయలమ్మే అవ్వ లేచింది. "నూట పదార్లు, సారూ!"

కుర్రాళ్లు గొల్లున నవ్వారు. పంతులు నవ్వలేదు. "అవ్వ పాట నూట పదహార్లు. ఒకటోసారి" అని అందరి పాటా పలికినట్టే పలికారు. తర్వాత వెయ్యి, అయిదు వేలు, యాభై వేలు. చివరికి ఇద్దరు మిగిలారు. పంతులు చెంబు ఎత్తారు. ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన 1,51,000 దగ్గర గెలిచాడు. డప్పులు మోగాయి. లడ్డూ నెత్తిన పెట్టుకొని ఊరేగాడు. తెల్లారేసరికి హైవే పక్కన ఆయన ఫ్లెక్సీ లేచింది. పైసలు మళ్లీ చవితిలోపు కట్టాలి, అది మా వాడ పద్ధతి.

ఏడాది తిరిగింది. బడిలో ప్లాంటు కోసం చదును చేసిన జాగాలో గడ్డి మొలిచింది. మళ్లీ నిమజ్జనం రోజు వచ్చింది. మళ్లీ జనం, మళ్లీ మైకు. ప్లాట్లాయన ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. పంతులు అద్దాలు సర్దుకొని లెక్కల పుస్తకం తెరిచారు.

"పోయినేటి లడ్డూ పాట లక్షా యాభై ఒక్క వెయ్యి. జమ నూట పదహారు రూపాయలు."

"సారూ, సున్నలు మరిసినట్టుండ్రు!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"మరువలే బిడ్డా. పోయినేడు నిమజ్జనమైన తెల్లారి అవ్వ మా ఇంటికొచ్చింది. కొంగు ముడి ఇప్పి నూట పదార్లు చేతుల వెట్టింది. పాట నీకు రాలేదు గదవ్వా, ఓడిపోయినోళ్లు ఇచ్చేదుండదు అన్న. 'దేవుని ముంగట పాడిన గద సారూ, ఇయ్యకుంటె ఎట్ల?' అన్నది. రశీదు రాసిచ్చిన."

పంతులు పేజీ తిప్పారు.

"ఈ పాట పేరు మీద మనకు ముట్టింది అంతే."