మీటరుకి తెలియని వయసు

నన్ను చూసినవాళ్లు బహు తక్కువ. ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూత వెనకాల నా కాపురం. పళ్లున్న రబ్బరు పట్టీని, టైమింగ్ బెల్టుని. కింద క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూడడమే నా ఉద్యోగం. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం మీద ఉందంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటున్నట్టు.

మా వంశం మరీ పాతదేం కాదు. 1962లో జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ తన 1004 కారులో మావాళ్లని పెట్టింది. అంతకుముందు ఆ పని గేర్లది, చైన్లది. మేం చప్పుడు చెయ్యం, ఆయిల్ అడగం, ధరా తక్కువే. అందుకే మారుతి 800, శాంత్రో, ఇండికా డీజిల్ లాంటి చిన్న కార్లలో కుదురుకున్నాం. అన్నిట్లోనూ ఉంటామని కాదు. ఐ10నే చూడండి: 1.1 ఇంజిన్‌లో నేనుంటాను, 1.2 కప్పాలో చైనుంటుంది.

నాకు దొరికింది శ్రీకాకుళం మాస్టారి శాంత్రో. బడికి, ఆదివారం అరసవల్లికి, ఏడాదికోసారి పైడితల్లి పండక్కి విజయనగరం. అంతే తిరుగుడు. రిటైరయ్యాక అదీ తగ్గింది. బండి రేకుల షెడ్డులో ఉండిపోయింది. తిరక్కపోయినా రబ్బరుకి వయసు మీదపడుతూనే ఉంటుంది. వేడికి బిరుసెక్కాను. క్యామ్ సీలు దగ్గర ఆయిల్ చెమ్మ దిగి నా అంచు నానింది.

తర్వాత విజయనగరం కుర్రాడొకడు బండి కొన్నాడు. మీటరు 48 వేలు చూపిస్తోంది. బెల్టు మొన్ననే మార్పించామని బ్రోకరు భరోసా ఇచ్చాడు. కుర్రాడు అదే మాట మెకానిక్కి చెప్పాడు.

“ఏ బెల్టు బాబూ?”

“బెల్టంటే బెల్టే కదన్నా!”

“కాదు బాబూ. కీచుమంటే మార్చీది బయట బెల్టు. లోపలది అరవదు, ఒక్కపాలే తెగిపోద్ది. బిల్లుందేటి?”

బిల్లు తీసి చూస్తే అది ఆల్టర్నేటర్ బెల్టుది. “నంబరు సూడు, ఏపీ 30. 2019లో కొత్త బళ్లన్నిటికీ ఏపీ 39 వచ్చేసింది కదా. అంటే ఇది అంతకుముందు బండే. కంపెనీలో ఏసిన బెల్టయితే దానికీ అంతే వయసు” అంటూ మూత విప్పాడు. నన్ను ఊడదీసి వేళ్ల మధ్య వెనక్కి వంచాడు. పళ్ల మొదళ్లలో వెంట్రుకంత పగుళ్లు వరసగా నోళ్లు తెరిచాయి.

సాలూరు దాటి ఘాట్ ఎక్కుతూ తెగిపోయిన మావాడొకడి కథ ఆ మెకానిక్ షెడ్డులోనే విన్నాను. ఇంజిన్ టక్కున ఆగింది. స్టీరింగ్ బిగుసుకుంది. డ్రైవరు ఆగకుండా సెల్ఫ్ కొట్టాడు. క్యామ్ ఎక్కడిదక్కడే నిలిచిపోయింది, పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వుల్ని గుద్దాయి. వాల్వులు వంగాయి, హెడ్డు దించాల్సొచ్చింది. బెల్టు ఖరీదు ఆ ఖర్చులో ఒక మూలకి రాదు.

మార్చే గడువు ఇంజిన్‌ని బట్టి ఉంటుంది. చాలా కంపెనీల పుస్తకాల్లో 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె కనిపిస్తుంది. తక్కువ తిరిగే బండికి అయిదారేళ్లన్నది మెకానిక్కులు చెప్పే గడువు. రెండిట్లో ఏది ముందొస్తే అదే లెక్క. పాతబండి కొని, బిల్లు దొరక్కపోతే ఆ లెక్కలేవీ వెయ్యొద్దు. కొన్న వారంలోనే మార్పించెయ్యండి. టెన్షనరూ ఐడ్లరూ కూడా వేయించండి. సీళ్లు కారుతుంటే అవీ మార్పించండి. వాటర్ పంపుని టైమింగ్ బెల్టే తిప్పే ఇంజిన్లలో పంపు కూడా అప్పుడే చూసుకోవాలి. లేకపోతే రేపు దానికోసం ఇదే కూలి మళ్లీ ఇవ్వాలి.

నా చోట కొత్తబెల్టు ఎక్కింది. పైనా కిందా మార్కులు కలిపి బిగించాక మెకానిక్ సెల్ఫ్ కొట్టలేదు. స్పానర్ పెట్టి క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పాడు. మార్కులు మళ్లీ కలిశాయని చూసుకున్నాకే తాళం తిప్పమన్నాడు. మూత మీద స్టిక్కరు అంటించి, ముందు తేదీ, కింద కిలోమీటర్లు రాశాడు. “బండి అమ్మీటప్పుడు దీన్ని పీకీకు” అన్నాడు కుర్రాడితో. “కొనుక్కున్నోడు ముందడగాల్సింది ఇదే.”